ల్యాండ్‌లైన్‌లో గుయ్యిమనే మోత: ఎక్కడ వెతకాలి, ఎలా పోగొట్టాలి?

ఫోన్ ఎత్తగానే గుయ్యిమని మోత వస్తే చాలామంది ముందు ఫోన్ మారుస్తారు. చాలాసార్లు లోపం ఉండేది వైరులో. చప్పుడు ఎక్కడ పుడుతోందో తేల్చుకున్నాకే ఏదైనా కొనండి.

ఏదో ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగిపోతుంది. ఆ కాస్త సేపట్లో చెవి పెట్టి వినండి. ఆగకుండా ఒకే శ్రుతిలో గుయ్యి అంటుంటే అది 50 హెర్ట్జ్‌ల ఇంటి కరెంటు. కరకర, పటపట అంటే జాయింటు వదులైనట్టు, లేదా తడి చేరినట్టు. ముసురు పట్టిన రోజుల్లో వచ్చేది ఎక్కువగా ఇదే. అదే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ కూడా ఉంటే సుయ్‌మనే శబ్దం మోడెమ్ వల్ల కావచ్చు. ప్రతి ఫోన్‌కూ స్ప్లిటర్, అంటే ఫోన్ మాటనూ ఇంటర్నెట్‌నూ విడదీసే చిన్న డబ్బా, పెట్టి చూడండి.

తర్వాత బయటి లైన్ ఇంట్లోకి దిగే మొదటి డబ్బా దగ్గరికి వెళ్లండి. లోపలికి పోయే వైర్లన్నీ విప్పేసి, కార్డ్‌లెస్ కాని మామూలు ఫోన్ ఒక్కటే అక్కడ కలపండి. లైన్‌లో మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది కానీ, రింగ్ వచ్చేటప్పుడు 75 వోల్టులకు పైనే ఏసీ రావచ్చు. తడి చేతులతో గానీ, ఉరుములు మెరుపులున్నప్పుడు గానీ ముట్టుకోవద్దు. అక్కడా మోత వస్తుంటే మీరు ఇంట్లో ఎంత వెతికినా లాభం లేదు. ఆ పని లైన్‌మన్‌ది. కాజీపేటలో రైలు కట్ట వెంబడి ఉన్న ఇళ్లవాళ్లు ఆ సంగతి కూడా లైన్‌మన్‌కు చెప్పాలి. పైన 25 వేల వోల్టుల ఏసీ తీగ పోతుంటే, దానికి సమాంతరంగా సాగే రాగి లైన్ ఆ మోతను పట్టుకోగలదు.

డబ్బా దగ్గర శుభ్రంగా వినిపిస్తే లోపం ఇంట్లోనే.

ఇక విప్పిన వైర్లు మళ్లీ కలిపి, ఆ మామూలు ఫోన్‌తో వింటూ మెయిన్ ఆపండి, ఇన్వర్టర్ కూడా ఆపాలి. ఇన్వర్టర్ సంగతి మరిచిపోతే పరీక్ష అంతా తప్పుతుంది, ఎందుకంటే మెయిన్ తీయగానే అది అందుకుంటుంది, పైగా చవక రకాలు మామూలు కరెంటు కన్నా ఎక్కువ మోత పెడతాయి. మామూలు ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వస్తుంది కాబట్టి అది పనిచేస్తూనే ఉంటుంది. మోత ఆగిందా? మెయిన్ బోర్డులోని ఎంసీబీ స్విచ్చులు ఒక్కొక్కటే వేస్తూ పోండి. ఫ్యాన్ రెగ్యులేటరో, ఎల్ఈడీ బల్బో, ఛార్జరో దొరుకుతుంది.

అయితే దొరికిన వస్తువును పారేస్తే సరిపోదు. టెలిఫోన్ జంటలోని రెండు తీగలూ ఆ మోతను సమానంగా పట్టుకుంటాయి, ఫోన్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక తీగ తడిగోడకు తగిలినా, ఒక జాయింటుకు పచ్చటి చిలుము పట్టినా ఆ సమానత్వం పోతుంది, మోత చెవికి చేరుతుంది. అందుకే నా లెక్కలో జాయింట్లే ముందు. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన ప్రతి అతుకూ విప్పండి, ఎమరీ పేపర్‌తో రుద్దండి, స్క్రూ బిగించండి. గోడ బయట ఉన్న అతుకుకు జెల్లీ ఉన్న కనెక్టర్ వాడితే వానకు భయం లేదు. వాడని పాత పాయలు, అంటే మూలగదికి ఎప్పుడో లాగి వదిలేసిన వైర్లు, డబ్బా దగ్గరే విప్పేయండి. అవి యాంటెన్నాల్లా పనిచేస్తాయి.

మెలిక లేని చదునైన వైరు పొడుగ్గా ఉంటే తీసేసి, మెలి తిరిగిన జంట తీగ వేయండి. నెట్‌వర్క్ కేబుల్లోని ఒక జంట చాలు. కరెంటు వైరు పైపులోనే ఫోన్ వైరు దూర్చడం మన ఇళ్లల్లో కనిపిస్తుంటుంది, అది ప్రమాదం కూడా. కనీసం అడుగు దూరం ఉంచండి, దాటక తప్పనిచోట అడ్డంగా దాటించండి.

ఫైబర్ కనెక్షన్ అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. గాజు తీగ కరెంటు మోతను పట్టుకోదు. ఫైబర్ వచ్చి చేరే పెట్టెకున్న అడాప్టర్, ఫోన్ తీగ, ఫోన్ మార్చి చూస్తే చాలు.