ఇంజెక్టర్ నీళ్లు పట్టకపోతే ఏం చూడాలి (నా అనుభవం)

పాత డబ్ల్యూపీ రకం రైలు స్టీమ్ ఇంజన్‌ను మళ్లీ నడిపించే పనిలో మాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇంజెక్టర్, అంటే బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే పరికరం. బాయిలర్ ప్రెషర్ చదరపు అంగుళానికి 210 పౌండ్లు, దానికి ఎదురుగా అదే బాయిలర్ ఆవిరితో నీళ్లు లోపలికి తోయాలి. మాది కాసేపు పట్టి, వెంటనే ఓవర్‌ఫ్లో పైపులోంచి ఆవిరీ నీళ్లూ కక్కేసేది. టెండర్‌లో (ఇంజన్ వెనక నీళ్లు, బొగ్గు మోసే బండి) నీళ్లు వేడెక్కితే ఆవిరి చల్లబడి నీరవదు, కాబట్టి ముందు అది చూశాం, చల్లగానే ఉన్నాయి. ఇంజెక్టర్ విప్పితే కోన్‌ల (శంఖువు ఆకారపు గొట్టాల) లోపల తెల్లటి గార, రాయిలా! చువ్వతో గీకితే రంధ్రం కొలత చెడుతుంది, కొత్తది బజారులో దొరకదు (చేయిద్దామంటే డ్రాయింగ్ వెతకడమే పెద్ద తతంగం), అందుకే పలుచని యాసిడ్‌లో నానబెట్టి కడిగాం. అయినా మొండికేసింది. చివరికి చూస్తే టెండర్ గొట్టం జాలీ నిండా తుప్పు పెళ్లలు. అవి తీశాక చక్కగా పట్టింది. ఇప్పుడు నిప్పు వేసే ముందే ఆ జాలీ విప్పి చూస్తున్నాం.