వికీపీడియాలో ‘ప్రచురించు’ నొక్కే ముందు

వికీపీడియాలో కొత్తగా రాస్తున్నారా? ఒక్క పేరా సరిచేయడానికి పదిసార్లు సేవ్ చేయకండి, మార్పులన్నీ నమోదయ్యే చరిత్ర పేజీ నిండా మీ పేరే కనిపిస్తుంది, ఏం మార్చారో వెతకడానికి మిగతావాళ్లకు తలప్రాణం తోకకొస్తుంది. మునుజూపు (ప్రివ్యూ) చూసుకుని ఒకేసారి ప్రచురించండి. ఏం మార్చారో రాసే సారాంశం పెట్టె ఖాళీగా వదిలేయడం నాకు అసలు నచ్చదు (మొదట్లో నేనూ అంతే లెండి). ‘పుట్టిన సంవత్సరం సరిచేశాను, మూలం చేర్చాను’ అని రెండు ముక్కలు రాస్తే చాలు, ఎవరైనా అనుమానపడి రద్దు చేసే అవకాశం తగ్గుతుంది. రద్దు చేశారే అనుకోండి, టెన్షన్ పడి మళ్లీ అదే ఎక్కించొద్దు, చర్చ పేజీలో కారణం అడగండి, చివర నాలుగు టిల్డేలు (~~~~) కొడితే మీ సంతకం, సమయం అవే పడతాయి. అక్షరదోషం దిద్దితే ‘చిన్న సవరణ’ అని టిక్ పెట్టండి, అంకె మారిస్తే మాత్రం వద్దు.