చెక్క ఫ్లోరింగ్ లేచిందా? శ్లాబు దగ్గర మొదలుపెట్టండి

వుడెన్ ఫ్లోరింగ్ పాడైతే అందరూ ముందు పలకనే తిడతారు. "రకం మంచిది కాదండీ, మోసపోయాం" అంటారు. నేను చెప్పులు విడిచి, వట్టికాళ్లతో గదంతా ఒకసారి నడుస్తాను. పలక ఎటు వంగిందో పాదానికి తెలిసిపోతుంది. అది తెలిస్తే తడి ఎటు నుంచి వస్తోందో సగం తెలిసినట్టే.

అంచులు లేచి, మధ్యలో గుంట పడితే

పలక అడుగుభాగం తడి పీల్చుకుంది, పైభాగం పొడిగా ఉంది. చెక్క పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగానే ఉబ్బుతుంది. అడుగు ఉబ్బి, పైభాగం అలాగే ఉండిపోతే పలక దొప్పలా అవుతుంది. మాప్ వేసిన నీళ్లు ఎక్కువై సందుల్లోంచి దిగినా ఇలా కావచ్చు, అప్పుడూ తడి చేరేది అడుగుకే. కాబట్టి కిందే వెతకాలి.

గదంతా ఒకేలా లేచిందంటే శ్లాబు ఆరకముందే పలకలు వేసేశారని మొదటి అనుమానం. "క్యూరింగ్ అయిపోయింది, రాయిలా ఉంది సార్" అంటాడు మేస్త్రీ. గట్టిపడటం వేరు, ఆరడం వేరు. లోపలి తడి పోవడానికి అంగుళం మందానికి సుమారు నెల అని పనిలో వాడే లెక్క. అంటే నాలుగంగుళాల శ్లాబుకు నాలుగు నెలలు. ముసురు పట్టిన రోజులైతే ఇంకా ఎక్కువ. గ్రౌండ్ ఫ్లోర్‌లో మరో చిక్కు ఉంది. నింపిన మట్టి మీద పాలిథిన్ పరవకుండా కాంక్రీటు పోసుంటే, నేలలోని చెమ్మ ఏళ్ల తరబడి పైకి ఎక్కుతూనే ఉంటుంది.

ఒక గోడ పక్కనే లేచిందంటే ఆ గోడ అవతల ఏముందో చూడండి. విశాఖ మధురవాడలో ఒక ఫ్లాటుకు వెళ్తే, బెడ్‌రూమ్‌లో బాత్రూమ్ గోడ వైపు మూడు వరుసలే లేచి ఉన్నాయి. వాళ్లు అప్పటికే ఒకసారి పలకలు మార్పించారు, మళ్లీ అవే వరుసలు లేచాయి. స్కర్టింగ్ (గోడ అడుగున నేల వెంట బిగించే పట్టీ) ఊడదీస్తే వెనక ప్లాస్టర్ వేలికి పొడిలా రాలింది, మీద తెల్లటి ఉప్పు పూత. బాత్రూమ్‌లో నహానీ ట్రాప్‌ను, అంటే నేల మీది నీళ్లు పోయే జాలీ కన్నాన్ని, గుడ్డతో బిగించి మూసి, రెండంగుళాల నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టాం. మర్నాటికి నీళ్లు గీతకు వేలి మందం కిందకు దిగాయి. ట్రాప్ అతుకు దగ్గర కారి, సంకెన్ శ్లాబులో (బాత్రూమ్ కోసం కిందకు దించి పోసిన శ్లాబు) నింపిన ఇటుక ముక్కల్లో నీళ్లు నిలిచి, అక్కణ్నుంచి గది కిందకు పాకుతున్నాయి. మూడోసారి పలకలు కొన్నా ఇదే గతి పట్టేది.

ముందు లీకు ఆపండి. పాడైన వరుసలు తీసేసి, శ్లాబుకు గాలి తగలనివ్వండి. ఈలోపు ఎవరైనా సాండింగ్ చేసి సమం చేస్తామంటే ఒప్పుకోకండి. తడిగా ఉన్నప్పుడు లేచిన అంచులు అరగదీస్తే, ఆరాక అంచులు దిగిపోయి మధ్యభాగం గూనిలా మిగులుతుంది. మధ్యలో ఉబ్బిన పలకలు కనిపిస్తే, చాలావరకు అవి ఇలా తొందరపడి అరగదీసినవే.

మళ్లీ వేసేముందు అడుగున్నర చదరం పాలిథిన్ ముక్కను శ్లాబు మీద పరిచి, నాలుగంచులకూ టేప్ అంటించి కనీసం 16 గంటలు వదిలేయండి. కింద నీటి చుక్కలున్నా, కాంక్రీటు నల్లబడినా ఇంకా ఆగాలి. పొడిగా ఉంటే మాత్రం అదే సర్టిఫికెట్ అనుకోకండి, లోతులోని తడిని ఈ పరీక్ష పట్టదు. ఖర్చుకు వెనకాడకపోతే శ్లాబులో రంధ్రం వేసి తేమ కొలిచే ప్రోబ్ పెట్టించండి. నేల మీద పోసిన శ్లాబు ఒకవైపే ఆరుతుంది కాబట్టి మందంలో 40 శాతం లోతున కొలుస్తారు. ప్రోబ్ చూపే సాపేక్ష తేమ (ఆర్‌హెచ్) చాలా ఫ్లోరింగులకు 75-80 శాతం దాటకూడదు. మీ రకానికి ఎంతో జిగురు డబ్బా మీదో, పలకల పెట్టె మీదో చూడండి.

గది మధ్యలో డేరాలా లేస్తే

గోడ పక్కన ఖాళీ వదల్లేదు. చుట్టూ 10-12 మిల్లీమీటర్లు ఉండాలి, స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది. ఇంకో దొంగ వార్డ్‌రోబ్: జిగురు లేకుండా పరిచిన ఫ్లోరింగ్ మీద కార్పెంటర్ దాన్ని స్క్రూలతో బిగిస్తే, ఆ వైపు పలకలు కదలలేవు. బిగింపు విప్పి, అంచులు కోస్తే చాలాసార్లు కొన్ని రోజుల్లో తనంతట తనే కూర్చుంటుంది.

నడిస్తే డొల్ల చప్పుడు

శ్లాబు మట్టం బాగాలేదు. ఆరడుగుల అల్యూమినియం పట్టీ పెట్టి చూడండి, కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపించకూడదు. ఎత్తులు గ్రైండ్ చేయాలి, పల్లాలు లెవెలింగ్ కాంపౌండ్‌తో నింపాలి. పలకల కింద రెండు పొరల ఫోమ్ వేస్తే సరిపోతుందనే సలహా వినకండి, పలకలను ఒకదానికొకటి పట్టి ఉంచే లాకులు విరుగుతాయి.

పలకల మధ్య సన్నటి సందులు

ఎండాకాలం, పైగా రోజంతా ఏసీ. సందులు సన్నగా ఉంటే వదిలేయండి, వానలకు మూసుకుంటాయి. పుట్టీ నింపితే అప్పుడు అది నలిగి బయటికొస్తుంది. వెదురు పలకల్లో, ముఖ్యంగా నార నొక్కి చేసిన స్ట్రాండ్ రకంలో, సందులు పెద్దగా వస్తే గదికి అలవాటు పడనివ్వకుండా వేశారన్నమాట. అది ఓక్ కంటే ఎంతో గట్టిది, అంతే నిదానంగా తేమ మార్చుకుంటుంది. మామూలు చెక్కకు రెండు మూడు రోజులంటారు కానీ, దీనికి పది రోజులైనా పెట్టెలు విప్పి ఆ గదిలోనే ఉంచాలి.

స్కర్టింగ్ వెనక మట్టి గీతలు

చెదలు. పలక మార్చేముందు మందు కొట్టించాలి. చెదల మందు గురించిన భారత ప్రమాణం ఐఎస్ 6313లో మూడో భాగం కట్టేసిన ఇళ్ల గురించే: గోడ, నేల కలిసేచోట సుమారు అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు పోస్తారు. కింద ప్లైవుడ్ వేస్తే ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్ ప్లై) ముద్ర ఉన్నదే తీసుకోండి.

ఇంకా కొనకపోతే

గ్రౌండ్ ఫ్లోర్‌లో నిండు చెక్క వద్దంటాను. దానికి రీపర్లో (సన్నటి చెక్క పట్టీలు) ప్లైవుడో పరిచి మేకులు కొట్టాలి, ఆ సందులన్నీ చెమ్మకూ చెదలకూ ఇళ్లే. పైన అసలు చెక్క, కింద ప్లై పొరలు ఉండే ఇంజినీర్డ్ పలకలే కాంక్రీటు మీద నమ్మకం. జిగురు లేకుండా పరిచేటట్లయితే కింద 200 మైక్రాన్ల పాలిథిన్, అతుకుల దగ్గర ఎనిమిదంగుళాలు ఒకదానిపై ఒకటి వచ్చేలా వేసి టేప్ అంటించాలి. వెదురు పై అంతస్తుల పడకగదులకు బాగుంటుంది, వంటింటికి వద్దు.

మధురవాడ ఇంట్లో పెద్దావిడ నా మాటలన్నీ విని, "శుక్రవారం నీళ్లు పోసి కడగొద్దంటావు, అంతేనా బాబూ?" అన్నారు. అంతేనమ్మా అన్నాను. హాల్లో వేద్దామనుకున్న చెక్క ఆ మాటతో ఆగిపోయింది. అక్కడ టైల్సే ఉంచారు. బెడ్‌రూమ్‌లో లీకు బాగుచేశాక, బాత్రూమ్ గోడ వెంట రెండడుగులు కూడా టైలే వేయించుకున్నారు.