అద్దె ఇంట్లో చిన్న మరమ్మతుల ఖర్చు ఎవరు భరించాలో ఎలా తేల్చుకోవాలి?

గుంటూరు బ్రాడీపేటలోనైనా, విజయవాడ సత్యనారాయణపురంలోనైనా ఇంటి ఓనరుకూ అద్దెకున్నవారికీ మాట తేడా వచ్చేది చాలావరకు ట్యాపు కారడం, స్విచ్చు కాలడం వంటి కొద్ది వందల రూపాయల పనుల దగ్గరే.

ముందుగా ఒప్పంద పత్రం తీసి చదవండి. మన పదకొండు నెలల పత్రాల్లో "చిన్న మరమ్మతులు అద్దెదారే చూసుకోవాలి" అన్న వాక్యం ఉంటుంది గానీ, ఏది చిన్నదో ఉండదు. అలాంటప్పుడు 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టంలోని జాబితాను ఆధారం చేసుకోవచ్చు. అందులో ట్యాపులు, వాషర్లు, స్విచ్చులు, గీజరు మరమ్మతు, తలుపు తాళాలు అద్దెదారు వంతు. గోడలకు సున్నం, పైపుల మార్పు, వైరింగు ఓనరు వంతు. అది నమూనా మాత్రమే కనుక దానంతటది మీ ఇంటికి వర్తించదు. ఇద్దరూ ఒప్పుకుని పత్రంలో రాసుకుంటే మాత్రం చక్కగా పనికొస్తుంది.

తరువాత, వస్తువు ఎందుకు పాడైందో చూడండి. నా దృష్టిలో ఖర్చు ఎంత అన్నదానికంటే ఇదే ముఖ్యం. బోరు నీళ్లు వాడే ఇంట్లో ట్యాపు మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, లోపలి వాషరు గట్టిపడి అంచులు చిట్లుతుంది. మొదటిసారి వాషరు మార్పిస్తే ఆ డబ్బు అద్దెకున్నవారు ఇవ్వడం న్యాయమే. అదే ట్యాపు మూడు నెలలు తిరగకుండా మళ్లీ కారితే, వాషరు ఆనే గుండ్రటి అంచు అరిగిందేమో ప్లంబరు చేత చూపించుకోండి. అరిగితే ట్యాపునే మార్చాలి. ఏళ్ల వాడకంలో వచ్చిన ఆ అరుగుదలను, పత్రంలో వేరేగా లేకపోతే, ఓనరు భరించడమే సబబు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను కూడా ఇంటిని తీసుకున్న స్థితిలోనే ఉంచమంటూ సహజమైన అరుగుదలను మినహాయించింది. ఇందుకు భిన్నంగా, చిన్న ప్లగ్గులో గీజరు పెట్టి సాకెట్టు కాల్చుకుంటే ఆ ఖర్చు వాడినవారిదే.

పనివాడు వచ్చి ఏమీ చేయకుండానే వెళ్లినా వచ్చినందుకు డబ్బు అడుగుతాడు. కరెంటు ఎక్కువై తనంతట తానే ఆగిపోయిన ఎంసీబీ స్విచ్చును పైకి లేపడానికి పిలిచి ఉంటే, చూసుకోకుండా పిలిచినవారే ఇవ్వాలి. లోపం గోడలోని పైపులోనో వైరులోనో ఉందని తేలితే, పిలిచింది ఎవరైనా అది ఓనరు ఖర్చు.

పని మొదలుపెట్టకముందే ఫొటోతో కబురు పంపండి: "అంకుల్, వంటింటి ట్యాపు మళ్లీ కారుతోంది. ప్లంబరు ట్యాపే మార్చాలంటున్నాడు. రేపు చేయించమంటారా?" ఈ ఒక్క ముక్క లేకపోవడం వల్లే చాలామంది ఓనర్లు తరువాత మొండికేస్తారు, వారి బాధలోనూ అర్థముంది. ఓనరు తాను చేయాల్సిన మరమ్మతును చెప్పిన తరువాత కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని అదే 108వ సెక్షను చెబుతోంది. రసీదుతో పాటు తీసేసిన పాత ట్యాపును కూడా కవరులో వేసి ఉంచి, అద్దె ఇచ్చే రోజున రెండూ ఓనరు చేతికివ్వండి.