పాత పికప్‌కు కొత్త ఇంజన్, కొత్త సస్పెన్షన్: ఆర్సీలో మార్పు నమోదుకు దరఖాస్తు విధానం

పాత పికప్‌ను బాగుచేయించాలనుకునే వాళ్లు ముందు మెకానిక్ షెడ్డుకు వెళతారు, ఆర్టీఏ ఆఫీసు సంగతి చివర్లో చూద్దామనుకుంటారు. ఈ వరస తిరగేయాలి. ఇంజన్ దింపి, ఛాసిస్ కోసి, అంతా బిగించాక దరఖాస్తు పెడితే అది అనుమతి లేకుండా మార్చిన బండి కిందకే వస్తుంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 182ఏ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్ ప్రకారం చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ జరిమానా బండికి ఒకటి చొప్పున కాదు, మార్పుకు ఒకటి చొప్పున. కాబట్టి పాన పట్టుకునే ముందు ఆర్సీ చేతిలోకి తీసుకోండి.

వింటేజా, మార్పు నమోదా

ఈ రెండూ వేర్వేరు దారులు. ఒకే బండికి రెండూ కుదరవు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 81ఏ నుంచి కొత్త నిబంధనలు చేర్చి వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చారు. మొదటిసారి రిజిస్టరైన తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు దీనికిందకు వస్తాయి. సొంత వాడకానికి ఉన్నదై ఉండాలి, అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. అంటే పాత జీపుల్లో వచ్చిన హరికేన్ పెట్రోల్ ఇంజన్ తీసేసి ఈ కాలపు ఇంజన్, ఐదు గేర్ల గేర్‌బాక్స్ ఎక్కించిన రోజే ఆ బండి వింటేజ్ అర్హత పోగొట్టుకుంటుంది. బయట పెయింటు, బంపర్లు, డ్యాష్‌బోర్డు ఎంత అచ్చంగా పాతవే ఉన్నా లాభం లేదు.

వింటేజ్ దారి ఎంచుకుంటే ఫారం 20లో పరివాహన్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి. బీమా పాలసీ, పాత ఆర్సీ, దిగుమతి బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ కాగితం) జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. ఇప్పటికే ఆర్సీ ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే బండికి రాష్ట్ర కోడ్ పక్కన వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. అయితే ఆ బండిని రోజువారీ పనులకు గానీ కిరాయికి గానీ తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకు, పరిశోధనకు, ఆయిల్ పట్టించుకోవడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి.

మీ పికప్ 50 ఏళ్లు దాటి, అసలు ఇంజన్‌తోనే ఉంటే, దాన్ని కదిలించే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించండి. హరికేన్ ఇంజన్‌కు కొత్త రింగులు, వాల్వులు వేయిస్తే మళ్లీ పదేళ్లు తిరుగుతుంది. దాన్ని తుక్కు కింద అమ్మేశాక అలాంటి ఇంజన్ వెతికి పట్టుకోవడం మాటలు కాదు. బండి వయసు అంత లేకపోయినా, అసలు ఇంజన్ ఎప్పుడో పోయి ఉన్నా, రోజూ వాడుకునే బండి కావాలన్నా మార్పు నమోదు దారే మీది.

ఆర్సీలో ఏ వరస మారుతోంది

మార్పుల సంగతి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సారం ఒక్కటే. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది, రాష్ట్రాల నిబంధనలు ఈ సెక్షన్‌ను దాటిపోలేవని తేల్చింది. అందువల్ల మీరు చేయించదలచుకున్న ప్రతి పనినీ ఆర్సీ పక్కన పెట్టి చూసుకోవాలి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, సిలిండర్ల సంఖ్య, క్యూబిక్ కెపాసిటీ (సీసీ), ఇంధనం, బాడీ రకం, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), సీట్లు, ఖాళీ బరువు. గూడ్స్ బండి అయితే మొత్తం బరువు, టైర్ల సైజు, ఇరుసులపై పడే బరువు కూడా ఆ రికార్డులో ఉంటాయి.

అదే కంపెనీ, అదే రకం ఇంజన్ వేస్తే మారేది ఇంజన్ నంబరొక్కటే. ఇది తేలికగా అయ్యే కేసు. కంపెనీ మారినా, సీసీ మారినా తయారీదారు వివరాలకు తేడా వచ్చినట్టే. రాతపూర్వక అనుమతి లేకుండా అటువైపు అడుగు వేయవద్దు. ఇంధనమే మారితే సంగతి ఇంకా కఠినం. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి వాటికి మారడానికి చట్టం దారి ఇచ్చింది గానీ ఆమోదం పొందిన కిట్‌తో, ఆ కిట్ తయారీదారు అధికారం ఇచ్చిన వాళ్ల చేత బిగించుకోవాలి. కిట్‌కు పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థల టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే ఆమోదం, ఉండాలి. పూర్తి ఎలక్ట్రిక్‌గా మార్చాలంటే బండి 1990 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ తయారైనదై ఉండాలి, కాబట్టి చాలా పాత పికప్‌లకు ఆ తలుపు మూసుకుపోయినట్టే. పెట్రోల్ జీపుల్లో ట్రాక్టర్ డీజిల్ ఇంజన్ వేసుకున్న రోజులు మన ఊళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ లెక్కన ఇప్పుడూ చేయవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

గేర్‌బాక్స్, జాయింట్ షాఫ్ట్, ఇరుసు హౌసింగ్ వివరాలు ఆర్సీలో కనిపించవు. అలాగని వాటిని దాచనక్కర్లేదు. దరఖాస్తులో రాయండి.

సస్పెన్షన్ విషయంలో ఎక్కువ గందరగోళం ఉంది. అరిగిన కమాన్ పట్టీలు తీసి అవే బ్రాకెట్లలో కొత్తవి వేయడం, మంచి షాకబ్జర్లు బిగించడం మరమ్మతు మాత్రమే. ముందు ఇరుసు మొత్తం తీసేసి, ఛాసిస్ క్రాస్‌మెంబర్ (అడ్డపట్టీ) కోసి, ఇంకో బండి ఇండిపెండెంట్ సస్పెన్షన్‌ను (ఒక్కో చక్రం విడివిడిగా కదిలేది) వెల్డింగుతో అతికించడం నిర్మాణంలో మార్పు. చట్టంలో మార్పు అనే మాటకు అర్థం కూడా అదే, బండి మౌలిక లక్షణం మారేలా నిర్మాణాన్ని మార్చడం. ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్యకు టేపు పెట్టి రెండు పక్కలా కొలవండి. ఆ కొలత ఆర్సీలోని వీల్‌బేస్‌తో కలవకపోతే తనిఖీలో తప్పక దొరికిపోతుంది. అంతకన్నా ముఖ్యం, రెండు పక్కలా కొలతలు ఒకదానితో ఒకటి కలవకపోతే బండి నేరుగా నడవదు. అలాంటి బండిలో మీ పిల్లలను ఎక్కించుకోకండి.

కాగితాలు ముందు సరిచేసుకోవాలి

దరఖాస్తు పెట్టేది ఆర్సీలో ఉన్న యజమానే. కొన్న బండి ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటే ఫారం 29, ఫారం 30తో మార్పించుకోవాలి. తాతగారి పేరు మీదుండి ఆయన కాలం చేస్తే ఫారం 31. ఆర్సీ పోతే నకలు కోసం ఫారం 26. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆఫీసు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి, దానికి ఫారం 28. ఫైనాన్స్ పేరు ఆర్సీలో మిగిలిపోయి ఉంటే, అప్పు తీరి ముప్పై ఏళ్లయినా సరే, ఆ సంస్థ కాగితం తెచ్చి కొట్టేయించాలి.

సొంత వాడకం బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన తేలికపాటి వాహనానికి ఈ ఫీజు 10,000 రూపాయలైంది. గూడ్స్ బండికైతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. మొత్తం బరువు 3,000 కిలోలు మించని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. గడువు ముగిసిన ఆర్సీ, పనిచేయని ఇంజన్ రెండూ ఉన్నప్పుడు అసలు చిక్కు వస్తుంది. కదలని బండిని రెన్యువల్ తనిఖీకి తీసుకెళ్లలేం. ఈ పరిస్థితిని అర్జీలోనే రాసి, ఇంజన్ మార్చాక రెన్యువల్, మార్పు తనిఖీ కలిపి చేయమని కోరడం మంచిది. గ్రీన్ ట్యాక్స్, చలాన్ల బకాయిలు ముందే కట్టేయండి.

ఇక ఇంజన్ ఎక్కడిది? దీనికి సమాధానం కాగితం మీద ఉండాలి. కొత్తదైతే ఇన్‌వాయిస్ మీద ఇంజన్ నంబరు రాయించుకోండి. పాత బండిలోంచి తీసినదైతే అమ్మిన వ్యక్తి రసీదు, ఆ బండి ఆర్సీ నకలు, అది రద్దయిన కాగితం తీసుకోండి. నంబరు గీకేసి ఉన్న ఇంజన్‌ను ఉచితంగా ఇచ్చినా వద్దు. దొంగ బండి ఇంజన్ మీ బండిలో దొరికితే ఆర్టీఏతో పోదు, పోలీస్ స్టేషన్ దాకా వెళుతుంది.

దరఖాస్తు, తనిఖీ

రవాణా శాఖ పౌర సేవల పోర్టల్‌లో వాహన మార్పు సేవను ఎంచుకుని ఫీజు కట్టి స్లాట్ తీసుకోవాలి. జతచేసే లేఖలో ఏం తీసేస్తున్నారు, ఏం వేస్తున్నారు, ఎందుకు అన్నది సూటిగా రాయండి. పాత ఇంజన్ నంబరు, కొత్త ఇంజన్ నంబరు, సీసీ, ఇంధనం పక్కపక్కన ఉంటే చదివేవారికి సులువు. ఆర్సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇంజన్ ఇన్‌వాయిస్, బండి నాలుగు పక్కలా ఫోటోలు పెట్టండి. అనుమతి చేతికి వచ్చాకే పని మొదలుపెట్టండి. పని పూర్తయిన 14 రోజుల్లోపు, మీరు నివసించే పరిధిలోని ఆఫీసుకు తెలియజేసి ఆర్సీ ఇవ్వాలి. చట్టం పెట్టిన గడువు ఇది.

తర్వాత ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తనిఖీ. జనం నోట బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని వినిపించేది ఈయనే. బ్రేకులు, స్టీరింగు, లైట్లు, హారన్ చూస్తారు. కొత్త ఇంజన్ బలానికి పాత డ్రమ్ బ్రేకులు చాలవు, ఇంజన్ లెక్కలోనే బ్రేకుల ఖర్చు కూడా వేసుకోండి. ఆ తర్వాత నంబర్ల వంతు. ఛాసిస్ మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే గుంటపడ్డ అంకెలు తెల్లగా తేలతాయి. అందులో ఒక్క అంకె కనబడకపోయినా ఫైలు ఆగిపోతుంది. ఇలా కనబడకపోవడానికి చాలాసార్లు తుప్పు కారణం కాదు, పునరుద్ధరణే కారణం. శాండ్ బ్లాస్టింగ్ చేసేటప్పుడు ఇసుక ఆ అంకెల అంచులను తినేస్తుంది, మిగిలిన గుంటలను పుట్టీ, ప్రైమర్ పూడ్చేస్తాయి. బ్లాస్టింగ్‌కు పంపే ముందే నంబరున్న చోటును కిరసనాయిలుతో శుభ్రం చేసి, పెన్సిల్ ప్రింటు, ఫోటో తీసి పెట్టుకుని, ఆ జానెడు మేర మందపాటి టేపు చుట్టండి. అక్కడ పలచని పెయింటు ఒక్క పూత చాలు. చెరిగిన నంబరును మీరే పంచ్ కొట్టించవద్దు. అది నంబరును తారుమారు చేయడం కిందకు వస్తుంది. ఆఫీసు అనుమతితోనే చేయించాలి.

ఆర్సీలో కొత్త వివరాలు ఎక్కాక బీమా కంపెనీకి కాపీ పంపి పాలసీలోనూ మార్పించండి. ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం సీసీని బట్టి, గూడ్స్ బండికి మొత్తం బరువును బట్టి ఉంటుంది. పాలసీలో ఒక ఇంజన్ నంబరు, బండిలో మరొకటి ఉంటే క్లెయిమ్ వేళ పేచీ తప్పదు.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. నోటిమాటతో వెనక్కి వచ్చేయకండి. ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లోపు 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకు ఉత్తర్వు నకలు, అనుమతి కోరుతూ పెట్టిన మొదటి అర్జీ, దానికి ఇచ్చిన రసీదు జతచేయండి.