వానకూ దొంగకూ దారి ఆ పిన్నులే: ట్రక్ బెడ్ హిచ్‌కు సీజన్ ముందు జాగ్రత్తలు

ట్రైలర్ లాగే పని సీజన్‌తో అయిపోతుంది. ట్రైలర్‌ని ఒక మూల నిలబెట్టేస్తాం. ట్రైలర్‌ను ట్రక్‌కు తగిలించే హిచ్ మాత్రం ట్రక్ బెడ్‌లోనే, అంటే వెనక సామాను వేసే తొట్టిలోనే ఉండిపోతుంది. ఇనుమే కదా, దానికేమవుతుంది, అంత బరువున్నదాన్ని ఎవరెత్తుకెళ్తారు అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఒక వానాకాలమంతా నా ఫిఫ్త్ వీల్ హిచ్ (ట్రైలర్ ముందు కింద ఉండే కింగ్‌పిన్ అనే లావు ఇనుప కడ్డీని దవడలతో పట్టుకునే రకం) మీద టార్పాలిన్ పట్టా కప్పి, నాలుగు మూలలా తాడు బిగించి, ఇక చూడక్కర్లేదని వదిలేశాను.

వానలు తగ్గాక తాడు విప్పితే పట్టా లోపలివైపంతా చెమట పట్టినట్టు నీటిబొట్లు. దవడల దగ్గర గ్రీజు తెల్లగా మారిపోయింది. వేలితో తీస్తే దాని కింద నారింజ రంగు పొడి. హిచ్ కింది భాగాన్ని, అంటే బేస్‌ను, బెడ్‌కు బిగించిన ఇనుప పట్టాలకు (రైల్స్‌కు) పట్టి ఉంచే నాలుగు పిన్నుల్లో మూడింటిని సుత్తితో కొట్టి బయటికి లాగగలిగాను. నాలుగోదానికి వేసిన తాళంలో చెవి సగం తిరిగి ఆగిపోయింది. ఇంకాస్త బలం పెడితే చెవి లోపలే విరుగుతుందని వదిలేసి, చివరికి తాళం కడ్డీ కోయించాల్సి వచ్చింది. గ్రైండర్‌తో కోయడానికి ఎంతోసేపు పట్టలేదు. అప్పుడు పట్టుకుంది టెన్షన్. నా తాళం నన్ను ఆపింది కానీ, గ్రైండర్ తెచ్చుకున్నవాణ్ని ఆపేది కాదు.

రైల్స్ మీద కూర్చునే హిచ్ ఎంత బరువున్నా, దాన్ని బండికి కట్టి ఉంచేవి ఆ నాలుగు పిన్నులూ, వాటి క్లిప్పులే. నీళ్లు చేరేది అక్కడే, దొంగ చెయ్యి పడేదీ అక్కడే. పైగా ఒకదానికి తీసుకునే జాగ్రత్త రెండోదానికి అడ్డొస్తుంది. వాన కోసం పూర్తిగా కప్పేస్తే కింద ఏం జరుగుతోందో మనకు కనబడదు. దొంగ కోసం తాళాలేసి నెలల తరబడి ముట్టకపోతే ఆ తాళాలే బిగుసుకుపోతాయి. అందుకని ఈ రెండు పనుల్నీ కలిపే ఆలోచించాలి.

వీలైతే దించేయండి

నెల రోజులకు మించి ట్రైలర్ లాగే పని లేకపోతే హిచ్‌ను దించి, తాళం వేసిన షెడ్డులోనో గ్యారేజీలోనో పెట్టడమే అన్నిటికన్నా మంచిది. వానా తగలదు, దొంగకూ కనబడదు. బద్ధకించి బెడ్‌లో వదిలేసేవాళ్లే ఎక్కువ. బరువు చూసి భయపడతాం, అది నిజమే. చాలా ఫిఫ్త్ వీల్ హిచ్‌లు 50 కిలోలు దాటతాయి, పెద్దవి 100 కిలోలు కూడా దాటతాయి. అయితే ఎక్కువ రకాల్లో పై భాగం, అంటే దవడలుండే హెడ్, వేరుగా ఊడి వస్తుంది. ముందు హెడ్ తీసి, తర్వాత బేస్ తీస్తే ఇద్దరు మనుషులు చాలు. ఒక్కరే ఉంటే ఇంజిన్ ఎత్తే హాయిస్ట్‌కు బలమైన పట్టీ వేసి ఎత్తండి. ఒంటరిగా బెడ్‌లోకి వంగి, నడుం తిప్పుతూ లేపే ప్రయత్నం చేయకండి. హెడ్ అటూ ఇటూ ఊగే రకమైతే ఎత్తేటప్పుడు దాని కింద వేళ్లు పెట్టకండి, నలిగిపోతాయి.

కిందపెట్టేటప్పుడు సిమెంట్ నేల మీద నేరుగా కాకుండా చెక్క పలకల మీద పెట్టండి. నేల చెమ్మ ఇనుముకు ఎక్కకుండా ఉంటుంది. పిన్నులు, క్లిప్పులు మందపాటి సంచిలో వేసి బేస్‌కే కట్టేయండి. సీజన్ మొదలయ్యే రోజు పొద్దున్నే ఒక క్లిప్పు కోసం వెతుక్కుంటూ, దొరక్క దాని బదులు మేకో తీగో దూర్చడం కన్నా ప్రమాదం లేదు.

బెడ్‌లో మిగిలిన రైల్స్ కన్నాల్లో మట్టి, ఆకులు చేరి నీళ్లు నిలుస్తాయి. వాటికి ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి, పెట్టేయండి. దవడల బదులు బెడ్ మధ్య గుంటలో నిలిచే ఇనుప గుండు, అంటే గూస్‌నెక్ బాల్ వాడేవాళ్లకు ఈ పని తేలిక. చాలా రకాల్లో బాల్‌ను పైకి లాగి తిరగేసి గుంటలోకి దింపేయొచ్చు, లేదా పూర్తిగా తీసి లోపల దాచుకోవచ్చు. కానీ ఆ గుంటను శుభ్రం చేయకుండా బాల్ దింపితే బురదలో నానబెట్టినట్టే. గుంట అడుగున నీళ్లు పోయే దారి మూసుకుపోలేదని చూసుకుని, బాల్ మెడకు పల్చగా గ్రీజు రాసి దింపండి. సేఫ్టీ చెయిన్లు తగిలించే కొక్కేల కింద స్ప్రింగులుంటాయి, వాటినీ ఒకసారి పైకీ కిందికీ ఆడించండి.

బెడ్‌లోనే ఉంచాల్సి వస్తే

ముందు కడగాలి. ఇనుము తుప్పు పట్టడానికి నీరూ గాలీ చాలు, ఉప్పు తోడైతే ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల, సముద్రపు గాలి తగిలే చోట్ల తిరిగిన బండిని మామూలు నీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ప్రెషర్ వాషర్‌ను దవడల కీళ్లలోకి, కరెంటు సాకెట్లోకి గురిపెట్టకండి. లోపలున్న మంచి గ్రీజు బయటికొచ్చి, దాని చోట నీళ్లు చేరతాయి.

ఆరాక పాత గ్రీజు మొత్తం తుడిచేయండి. ఇది చాలామంది చేయని పని. పాతదాని మీదే కొత్తది పూస్తారు. పాత గ్రీజులో దుమ్ము, ఇసుక కలిసి ఉంటాయి. దవడలు కదిలినప్పుడల్లా అది ఆకురాయిలా ఇనుమును అరగదీస్తుంది. తెల్లబడిన గ్రీజంటే అందులో నీళ్లు కలిశాయని అర్థం, అది ఇక ఇనుమును కాపాడదు. తుడిచాక ఎక్కడ ఏది రాయాలో హిచ్‌తో వచ్చిన మాన్యువల్ చూడండి. కొన్నిటికి దవడల్లో గ్రీజు కావాలి, కొన్నిటికి పొడిగా ఆరిపోయే లూబ్రికెంటే వాడమంటారు. హెడ్ ప్లేటు మీద ప్లాస్టిక్ డిస్క్ వాడేవాళ్లు దాని అంచు పగిలిందేమో చూసుకోవాలి. ఎండ బాగా తగిలిన ప్లాస్టిక్ పెళుసుబారుతుంది.

పెయింట్ లేచిన చోట చిన్న తుప్పు మచ్చే కదా అని పైన రంగేస్తే, అది పెయింట్ కిందే పాకుతూ పోతుంది. వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో మెరిసే ఇనుము కనబడేదాకా గీకి, ప్రైమర్ వేసి, అప్పుడు రంగు వేయండి. దవడల లోపలివైపు, బాల్ మీద, పిన్నులు దూరే కన్నాల్లో రంగు పడకూడదు. ఎంత బరువు లాగొచ్చో రాసి ఉండే స్టిక్కర్‌ను కూడా రంగుతో కప్పకండి.

ఇలా గీకుతున్నప్పుడే ఒకటి జాగ్రత్తగా చూడాలి. వెల్డింగ్ వెంట సన్నటి దారంలా తుప్పు గీత కనిపిస్తే దాన్ని మామూలు తుప్పు అనుకోకండి. పగులు లోపలికి నీళ్లు దిగి, అక్కడి తుప్పు బయటికి కారితే సరిగ్గా అలాగే కనిపిస్తుంది. పైన తుడిచి, టార్చ్ లైటు పక్కనుంచి వేసి చూడండి. గీత మళ్లీ కనిపిస్తే ఆ హిచ్‌తో ఇక లాగొద్దు. తెలిసిన వెల్డర్‌తో ఒక కుట్టు వేయిద్దామన్న ఆలోచనా పెట్టుకోవద్దు. టన్నుల బరువు ఆ అతుకు మీద ఆధారపడి ఉంటుంది, దాని వెనక రోడ్డు మీద వేరేవాళ్ల కుటుంబాలు వస్తుంటాయి.

అల్యూమినియం బెడ్ ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. అల్యూమినియం, ఇనుము రెండూ తడిలో, ముఖ్యంగా ఉప్పు తడిలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, తినేసేది అల్యూమినియంను. ఆ రెండూ తగిలే చోట తయారీదారు ఇచ్చిన రబ్బరు షీటో స్పేసరో తీసేయకండి, చిరిగితే మార్చండి.

ఇక కప్పే సంగతి. బిగుతుగా కట్టిన ప్లాస్టిక్ పట్టా వానను ఆపుతుంది గానీ కింది చెమ్మను బయటికి పోనివ్వదు. పగలు వేడికి ఆవిరై, రాత్రి చల్లబడి మళ్లీ ఇనుము మీదే బొట్లుగా దిగుతుంది. నా హిచ్‌కు జరిగింది అదే. గాలి ఆడే గుడ్డతో కుట్టిన హిచ్ కవర్ వాడండి, లేదా పట్టానే వాడాల్సి వస్తే కింద రెండు వైపులా గాలి దారి వదలండి. తడిగా ఉన్నప్పుడు అస్సలు కప్పకండి. ఎండ కాసిన రోజు తీసి ఆరబెట్టండి. బండి నడిపేటప్పుడు కవర్ ఉంచితే గాలికి కొట్టుకుని పెయింట్ రాచేస్తుంది, ఊడిపోయి వెనక వచ్చేవాళ్ల అద్దం మీద కూడా పడొచ్చు. బెడ్ మొత్తాన్ని మూసే టోనో కవర్ కింద హిచ్ పడితే మరీ మంచిది. వానా తగ్గుతుంది, కంటపడేదీ తగ్గుతుంది.

బెడ్‌లో ఉండే 7 పిన్నుల కరెంటు సాకెట్ మూత స్ప్రింగ్ గట్టిగా మూస్తోందా చూడండి. లోపల పచ్చటి పొర కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు సాకెట్లలోకి తడి చేరకుండా రాసేది) రాయండి. ట్రైలర్ బ్రేకులకు కరెంటు వెళ్లేదీ అక్కడినుంచే.

తాళాల సంగతి

క్లిప్పులతో మాత్రమే నిలిచిన హిచ్‌ను తీయడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. ఇద్దరుంటే నిమిషాల పని. కాబట్టి క్లిప్పుల చోట తాళాలు రావాలి. నాలుగింటికీ వేయలేకపోతే, ఎదురెదురు మూలల్లో రెండింటికైనా వేయండి. హెడ్‌ను బేస్‌కు పట్టి ఉంచే పిన్నును మాత్రం మర్చిపోకండి. బేస్‌కు తాళాలేసి హెడ్‌ను వదిలేస్తే ఖరీదైన భాగాన్నే వదిలేసినట్టు.

కొనేముందు పిన్ను చివరి కన్నం కొలవండి. తాళం కడ్డీ దూరడం లేదని కన్నాన్ని డ్రిల్‌తో పెద్దది చేస్తే పిన్ను బలహీనపడుతుంది. కన్నంలో పట్టేవాటిలో అన్నిటికన్నా లావు కడ్డీ, గట్టిపరచిన ఉక్కుతో చేసింది, కడ్డీ బయటికి తక్కువ కనిపించేది తీసుకోండి. కట్టర్ నోరు పెట్టడానికి చోటు లేకపోవడమే అసలు రక్షణ. యూరప్ ప్రమాణం ఈఎన్ 12320 తాళాలను 1 నుంచి 6 గ్రేడ్లుగా చెబుతుంది, అంకె పెరిగేకొద్దీ గట్టిది. ప్యాకెట్ మీద గ్రేడ్ ఉంటే పోల్చి చూసుకోవచ్చు. అన్ని తాళాలకూ ఒకే చెవి ఉండే సెట్ తీసుకుంటే మంచిది. నాలుగు చెవులున్నప్పుడు చీకట్లో వానలో విసుగొచ్చి రెండు తాళాలు వేయకుండా వదిలేస్తాం.

ఏ తాళమూ గ్రైండర్ ముందు ఎక్కువసేపు నిలవదు. అందుకే దొంగకు పని పెంచాలి, చప్పుడు చేయించాలి. టెయిల్‌గేట్ గోడకు ఆనేలా బండిని వెనక్కి పెట్టి నిలిపితే హిచ్‌ను బయటికి జార్చే దారి మూసుకుపోతుంది. టెయిల్‌గేట్‌కు తాళం వేయండి. వెలుతురున్న చోట నిలపండి. బేస్ మధ్యనుంచి బెడ్‌లోని గట్టి కొక్కేనికి లావు గొలుసు వేస్తే ఇంకో అడ్డు. ట్రాకర్ దాస్తే ఇనప పెట్టెలో కాకుండా ప్లాస్టిక్ ఉన్న చోట దాయండి, ఇనుము సిగ్నల్‌ను అడ్డుకుంటుంది.

తాళం చెవి కన్నం కిందికి చూసేలా వేలాడదీసి, రబ్బరు మూత పెట్టండి. లోపల నూనె పోయకండి. దుమ్ము పడుతుంది, చలికి చిక్కబడుతుంది. గ్రాఫైట్ పొడి లాంటి పొడి లూబ్రికెంటే వాడాలి. గడ్డకట్టిన తాళం మీద వేడినీళ్లు పోస్తే కాసేపటికి ఆ నీళ్లే లోపల మళ్లీ గడ్డకడతాయి. చెవిని వేడిచేసి మెల్లగా దూర్చండి, లేదా తాళాల కోసమే ఉండే డీఐసర్ (మంచు కరిగించే స్ప్రే) కొట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, నెలకోసారి ప్రతి తాళాన్నీ తీసి, పిన్నును పూర్తిగా బయటికి లాగి, తుడిచి, మళ్లీ పెట్టండి. పది నిమిషాల పని. నేను ఆ వానాకాలంలో ఒక్కసారి చేసుంటే ఆ తాళాన్ని కోయించాల్సిన పనే ఉండేది కాదు.

హిచ్ ఫొటోలు, సీరియల్ నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి. నంబరున్న స్టిక్కర్ ఎండకు వెలిసిపోకముందే ఆ పని చేయండి. పోలీసులకైనా ఇన్సూరెన్స్‌కైనా ముందు చూపించేది అదే. బండితో పాటు రాకుండా తర్వాత బిగించిన హిచ్‌కు మీ పాలసీ వర్తిస్తుందో లేదో ఇప్పుడే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. నిలబెట్టిన ట్రైలర్ కింగ్‌పిన్‌కూ ఒక తాళం ఉండాలి.

మళ్లీ లాగే రోజు

రైల్స్ బోల్టులను టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో), మాన్యువల్‌లో ఉన్న అంకెకే బిగించండి. చేతి అంచనా వద్దు. దవడలను ఖాళీగా రెండు మూడు సార్లు తెరిచి మూసి చూడండి. హ్యాండిల్ పూర్తిగా వెనక్కి రాకపోతే ఆ రోజు ప్రయాణం ఆపుకోండి.

ట్రైలర్ తగిలించాక టార్చ్ వేసి దవడలు కింగ్‌పిన్‌ను చుట్టూ పట్టాయో లేదో కళ్లతో చూడండి. శబ్దం వచ్చిందంటే పట్టిందనుకోవద్దు. ట్రైలర్ కాళ్లు నేల మీదే ఉంచి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టే ఉంచి, కేబుల్ తగిలించి, ట్రైలర్ బ్రేకులు మాత్రం పట్టించి ట్రక్‌ను మెల్లగా ముందుకు లాగి చూడండి. పట్టు నిలిస్తేనే కాళ్లు ఎత్తండి, దిమ్మలు తీయండి. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు పట్టించే బ్రేక్‌అవే తాడును ట్రక్‌కు తగిలించండి, హిచ్‌కు కాదు. హిచ్ ఊడితే తాడూ దానితోనే పోతుంది.

విడదీసే హ్యాండిల్‌కు తాళం వేసే కన్నం ఉంటే దానికీ తాళం వేయండి. ఆగిన చోట ఎవరైనా ఆ హ్యాండిల్ లాగి వెళ్లిపోతే మీకు తెలియదు, బండి కదిలాకే తెలుస్తుంది. దారిలో మొదటిసారి ఆగినప్పుడు దిగి, ఆ తాళాన్నీ నాలుగు పిన్నుల్నీ ఒక్కొక్కటిగా చేత్తో పట్టి కదిపి చూసి, అప్పుడు బయలుదేరండి.