దానమిచ్చే బొంతకు గుడ్డముక్కలను సిద్ధం చేసుకోవడం

దానంగా ఇచ్చే బొంతను అందుకున్నవారు దాన్ని దాచిపెట్టుకోరు, తరచుగా ఉతుకుతారు. కాబట్టి మిగిలిన గుడ్డముక్కలను కుట్టే ముందే వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టడం మంచిది. కుదించుకుపోయేవి, రంగు వదిలేవి అప్పుడే బయటపడతాయి. ముఖ్యంగా ముదురు ఎరుపు, నీలం ముక్కలను తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డపై అద్ది చూడాలి. నూలు ముక్కల మధ్య సాగే బనీను గుడ్డను కలపకూడదు. అది ఎంత అందంగా ఉన్నా సరే, కుట్టు దగ్గర ముడతలు పడి పక్క ముక్కను కూడా లాగేస్తుంది.

ముక్కలన్నింటినీ 6 అంగుళాల చదరాలుగా కత్తిరించి, అంచులో పావు అంగుళం వదిలి కుడితే ఒక్కొక్కటి 5.5 అంగుళాలకు వస్తుంది. అడ్డంగా 7, నిలువుగా 9, అంటే మొత్తం 63 ముక్కలతో, సుమారు 38 అంగుళాల వెడల్పు, 49 అంగుళాల పొడవుతో చిన్నపిల్లలకు సరిపోయే బొంత తయారవుతుంది. అయితే కొలతల గురించి తీసుకునేవారిని ముందే అడగడం మేలు. వరుసలను కలిపేటప్పుడు ఒక వరుసలోని కుట్టు మడతలను కుడివైపుకు, తర్వాతి వరుసలోని వాటిని ఎడమవైపుకు ఇస్త్రీ చేస్తే మూలలు ఉబ్బవు. లోపలి దూది పొర జరగకుండా 4 అంగుళాలకొక కుట్టు వేయాలి (మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఇదే). పసిపిల్లల కోసమైతే గుండీలు, పూసలు అసలే వద్దు.